బలాల ఆధారిత సమాజకార్యం – సంరక్షణ సంస్థలను వీడే యువతకు ఆసరా: రామచంద్రపురం ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం:

తల్లిదండ్రుల ఆలనకు దూరమై బాలల సంరక్షణ సంస్థలలో పెరిగినవారు పద్దెనిమిదేళ్ళు నిండగానే ఆ సంస్థలను వీడవలసి వస్తుంది. చదువు పూర్తికాని, ఉపాధి దొరకని ఆ దశలో వారికి అందే సాయాన్ని చట్టం ‘అనంతర సంరక్షణ’ అంటోంది. ఈ సాయాన్ని యువతలోని లోపాల జాబితాతో ఆరంభించాలా, వారిలోనూ వారి పరిసరాలలోనూ ఉన్న బలాలతో ఆరంభించాలా అన్నది సమాజకార్య రంగంలో మౌలికమైన ప్రశ్న. బలాల దృక్పథపు పుట్టుక, సూత్రాలు, భారతీయ చట్టంలో అనంతర సంరక్షణ స్థానం, గోదావరి సీమలోని పూర్వానుభవాలు, రామచంద్రపురం పరిసరాలలోని వనరులు, ఈ దృక్పథంపై వచ్చిన విమర్శలు ఇందులో వివరించబడ్డాయి. బలాలను గుర్తించడం హక్కులను అందించడానికి ప్రత్యామ్నాయం కాదని, వాటిని అందుకునే మార్గమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సమాజకార్యం, బలాల దృక్పథం, అనంతర సంరక్షణ, బాలల సంరక్షణ సంస్థలు, మిషన్ వాత్సల్య, రామచంద్రపురం, గోదావరి డెల్టా.

1. ఉపోద్ఘాతం:

ఇంట్లో పెరిగే బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండితే ఓటుహక్కు వస్తుంది. బాలసదనంలోనో, స్వచ్ఛంద సంస్థ నడిపే వసతిగృహంలోనో పెరిగిన బిడ్డకు ఓటుహక్కుతో పాటు ఇల్లు విడిచే వేళ కూడా వస్తుంది. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం మధ్యలో పుట్టినరోజు వస్తే, వార్షిక పరీక్షలకు కొన్ని నెలల ముందే చట్టం దృష్టిలో ఆ బిడ్డ ‘బాల’ కాకుండా పోతుంది. అంతవరకు తిండి, బట్ట, మంచం, వైద్యం, నిద్రలేచే వేళ అన్నీ సంస్థే చూసింది. ఆ మరునాటి నుంచి అద్దె ఇల్లు, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, కళాశాల రుసుము, జ్వరం వస్తే తోడు, అన్నీ తానే చూసుకోవాలి.

సగటు తెలుగు కుటుంబంలో ఈ బదిలీ ఒక్క రోజులో జరగదు. డిగ్రీ చదివే కొడుకుకు తండ్రి బస్సు పాసు డబ్బులిస్తాడు. ఉద్యోగం పోతే కూతురు పుట్టింటికి వస్తుంది. పిన్ని కొడుకు హైదరాబాదులో గది చూపిస్తాడు. ఈ ఆసరా చెప్పకుండా, లెక్కకు రాకుండా ఏళ్ళ తరబడి నడుస్తుంది. సంస్థను వీడే యువతకు లేనిది ఈ లెక్కకు రాని ఆసరాయే. దానిని వృత్తిపరంగా, ప్రణాళికాబద్ధంగా సమకూర్చడం అనంతర సంరక్షణ లక్ష్యం. ఆ పని చేసే సమాజకార్యకర్త ఎదుటివారిని ఏ కంటితో చూస్తున్నారన్నదే ఫలితాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది.

2. బలాల దృక్పథం – పుట్టుక, సూత్రాలు:

సమాజకార్యం వృత్తిగా రూపుదిద్దుకున్న తొలి దశాబ్దాలలో వైద్యశాస్త్రం దానికి నమూనా అయింది. రోగ నిర్ధారణ, చికిత్స అనే క్రమంలోనే సమస్యను గుర్తించడం, పరిష్కారం సూచించడం అలవడింది. దీనివల్ల సాయం కోరి వచ్చిన మనిషి దస్త్రంలో లోపాల మొత్తంగా మిగిలాడు. ఈ ధోరణిని ప్రశ్నిస్తూ అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయ సమాజ సంక్షేమ విభాగంలో 1980వ దశకంలో కొత్త ఆలోచన మొదలైంది. చార్లెస్ రాప్, ఆయన సహచరులు తీవ్ర మానసిక వ్యాధిగ్రస్తులతో చేసిన పనిలో వ్యాధి లక్షణాల కంటే ఆ వ్యక్తుల కోరికలను, నైపుణ్యాలను, ఇరుగుపొరుగు వనరులను ముందుకు తెచ్చారు. 1989లో ఆన్ వీక్, రాప్, సలివన్, కిస్ట్‌హార్ట్ కలిసి రాసిన వ్యాసం ఈ ఆలోచనకు ‘బలాల దృక్పథం’ అనే పేరును స్థిరపరచింది. 1992లో డెన్నిస్ సాలీబీ సంపాదకత్వంలో వెలువడిన గ్రంథం దానిని సమాజకార్య బోధనలో ప్రధాన పాఠ్యాంశంగా నిలిపింది.

సాలీబీ ప్రతిపాదించిన సూత్రాల సారాంశాన్ని ఇలా చెప్పవచ్చు. ప్రతి వ్యక్తికీ, కుటుంబానికీ, సమూహానికీ బలాలు ఉంటాయి. గాయం, హింస, వ్యాధి మనిషిని నొప్పించేవే అయినా వాటిని ఎదుర్కొన్న క్రమంలో మనిషి కొన్ని నేర్పులను గడిస్తాడు. ఒకరి ఎదుగుదలకు ఎగువ హద్దు ఎక్కడుందో కార్యకర్తకు ముందే తెలియదు. సాయం చేసేవారు, పొందేవారు కలిసి పనిచేసినప్పుడే మేలు జరుగుతుంది. ఎంత పేద పరిసరమైనా వనరులతో నిండి ఉంటుంది.

ఇక్కడ ‘బలం’ అన్న పదాన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. అది సుగుణాల పొగడ్త కాదు. చేతనైన పని, నిలుపుకున్న బంధం, నేర్చుకున్న భాష, దాటివచ్చిన కష్టం, నమ్మకమున్న మనిషి, అందుబాటులో ఉన్న సంస్థ, అమలులో ఉన్న హక్కు, ఇవన్నీ బలాలే. వీటిలో కొన్ని వ్యక్తిలోనూ, మరికొన్ని వ్యక్తి చుట్టూనూ ఉంటాయి. రెండో రకాన్ని మరచి మొదటి రకాన్నే పట్టుకోవడం ఈ దృక్పథాన్ని ఆచరించడంలో తరచుగా జరిగే పొరపాటు.

దీనికి అనుబంధంగా తేరుకునే శక్తిపై జరిగిన పరిశోధనలను పేర్కొనాలి. హవాయి దీవులలోని కవాయ్‌లో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు పరిశీలించింది. పేదరికం, కుటుంబ కలహాలు వంటి అనేక ప్రమాదాల నడుమ పెరిగిన పిల్లలలో సుమారు మూడోవంతు మంది సమర్థులైన పెద్దలుగా ఎదిగారని తేలింది. అలా ఎదిగినవారి జీవితాలలో తల్లిదండ్రులు కాకపోయినా నిలకడగా పట్టించుకున్న పెద్దమనిషి కనీసం ఒకరు ఉన్నారన్నది గమనార్హం. అంటే తేరుకునే శక్తి పుట్టుకతో వచ్చే గుణం మాత్రమే కాదు. బంధాల వల్ల సమకూరేది కూడా.

3. పద్దెనిమిదో ఏడు – చట్టం చెప్పేది:

గోదావరి జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలోనే 1920 నాటి మద్రాసు బాలల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతదేశంలో 1986, 2000 సంవత్సరాల జువెనైల్ జస్టిస్ చట్టాలు రెండూ అనంతర సంరక్షణ సంస్థలను ప్రస్తావించాయి. ప్రస్తుతం అమలులో ఉన్న 2015 చట్టంలోని 2(5) సెక్షన్ ప్రకారం, సంస్థాగత సంరక్షణను వీడి, పద్దెనిమిదేళ్ళు నిండి, ఇరవై ఒకటి నిండని వ్యక్తులు సమాజ జీవన స్రవంతిలో కలిసేందుకు ఆర్థికంగాను, ఇతరత్రాను అందించే తోడ్పాటే అనంతర సంరక్షణ. 46వ సెక్షన్ అటువంటివారికి ఆర్థిక సాయం ‘అందించవచ్చు’ అంటుంది. ‘అందించాలి’ అనదు. ఈ ఒక్క క్రియాపదంలోని తేడా వల్ల హక్కుగా నిలవవలసినది అధికారుల విచక్షణకు లోబడిన సౌకర్యంగా మారుతోంది.

2016 నమూనా నియమావళిలోని 25వ నియమం దీనికి కొంత రూపమిచ్చింది. బాలల సంక్షేమ కమిటీ, జువెనైల్ జస్టిస్ బోర్డు లేదా బాలల న్యాయస్థానం ఉత్తర్వుతో ఇరవై ఒక్క ఏళ్ళ వరకు, అసాధారణ పరిస్థితులలో మరో రెండేళ్ళు ఈ సాయాన్ని కొనసాగించవచ్చు. కొద్దిమంది కలిసి ఉండేందుకు తాత్కాలిక సామూహిక నివాసం, వృత్తిశిక్షణ కాలంలో భృతి, ఉన్నత విద్యకు ఉపకారవేతనం, నైపుణ్య శిక్షణ, ఉద్యోగ నియామకానికి ఏర్పాటు, నిత్యం సంబంధంలో ఉండే సలహాదారు, స్వయం ఉపాధికి రుణ సదుపాయం వంటివి ఈ నియమంలో ఉన్నాయి. 53వ సెక్షన్ గుర్తింపు పత్రాలు పొందడంలో సాయాన్ని కూడా సంస్థల పునరావాస సేవలలో చేర్చింది.

నిధుల విషయానికి వస్తే, 2009-10లో మొదలైన సమగ్ర బాలల పరిరక్షణ పథకం క్రమంగా మార్పులు పొంది 2021-22 నుంచి మిషన్ వాత్సల్యగా నడుస్తోంది. ఈ పథకం మార్గదర్శకాలు అనంతర సంరక్షణకు ఒక్కొక్కరికి నెలకు 4,000 రూపాయలు నిర్ణయించాయి. అంటే రోజుకు సుమారు 133 రూపాయలు. అద్దె, భోజనం, ప్రయాణం, చదువు అన్నీ ఆ మొత్తంలోనే ఇమడాలి. కోవిడ్ వల్ల తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన పిల్లల కోసం 2021 మే 29న కేంద్రం ప్రకటించిన పీఎం కేర్స్ బాలల పథకంతో దీనిని పోల్చవచ్చు. ఆ పథకంలో పద్దెనిమిదేళ్ళు నిండేనాటికి 10 లక్షల రూపాయల నిధిని సిద్ధంచేసి, దాని నుంచి నెలవారీ భృతిని, ఇరవై మూడేళ్ళకు మొత్తం సొమ్మును ఇచ్చే ఏర్పాటు ఉంది. ఇరవై మూడేళ్ళ వరకు ఆసరా అవసరమని రాజ్యం ఒక సందర్భంలో అంగీకరించినప్పుడు, వేరే కారణాలతో అనాథలైన బిడ్డలకు అదే అవసరం లేదని చెప్పడం కష్టం.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంకొక ముఖ్యమైన వెసులుబాటు ఉంది. వెనుకబడిన తరగతుల జాబితాలోని ‘ఎ’ వర్గంలో అనాథ, నిరాశ్రయ బాలలు ఉన్నారు. పదేళ్ళ వయసు రాకముందే తల్లిదండ్రులను కోల్పోయి, చట్టరీత్యా గాని ఆచారరీత్యా గాని చూసేవారెవరూ లేక, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన పాఠశాలలో గాని అనాథాశ్రమంలో గాని చేరినవారు దీనికి అర్హులు. ఈ ధ్రువపత్రం చేతిలో ఉంటే కళాశాల ప్రవేశం, ఉద్యోగ నియామకం రెండింటా రిజర్వేషన్ వర్తిస్తుంది. అయితే దీనికి కావలసిన ఆధారాలు సంస్థ దస్త్రాలలోనే ఉంటాయి కనుక, బిడ్డ సంస్థను వీడకముందే ఈ పని పూర్తికావాలి.

4. గోదావరి సీమలో పూర్వరంగం:

ఆశ్రయం ఇవ్వడం ఈ సీమకు కొత్త కాదు. రామచంద్రపురంలో కెనడియన్ బాప్టిస్ట్ మిషన్ కుష్ఠురోగుల ఆశ్రమాన్ని నెలకొల్పింది; దాని నిర్వహణలో మిషనరీ ఇజబెల్ హాచ్ ప్రముఖ పాత్ర వహించారు. మండపేటలో పుట్టి లంకల గన్నవరంలో అన్నదానం చేసిన డొక్కా సీతమ్మ పేరు కోనసీమలో నేటికీ ఇంటింటా వినిపిస్తుంది. కాకినాడ, పిఠాపురం ప్రాంతాలలో పిఠాపురం మహారాజా పోషణ, రఘుపతి వెంకటరత్నం నాయుడి ప్రేరణ అనాథలకు నీడనిచ్చాయి. ఇవన్నీ ఆకలికి అన్నం, ఎండకు నీడ అన్న ధర్మం నుంచి పుట్టినవి.

ఆశ్రయం తరువాతి ఘట్టాన్ని ఈ ప్రాంతంలో మొదటగా ఎదుర్కొన్నవారు కందుకూరి వీరేశలింగం అని చెప్పవచ్చు. 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మల వివాహంతో ఆయన వితంతు పునర్వివాహాలకు నాంది పలికారు. వివాహం జరిపించడంతో పని ముగియలేదు. దంపతులకు వెలి తప్పలేదు. ఇల్లు అద్దెకు దొరకదు, వంటమనిషి రాడు, బంధువు గడప తొక్కడు. వారికి వసతి, భృతి, ఉపాధి చూడవలసిన భారం ఉద్యమంపైనే పడింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ఇచ్చిన ధనసాయం, రాజమహేంద్రవరం విద్యార్థుల అండ లేకపోతే ఆ ఉద్యమం నిలిచేది కాదు. 1906లో ఏర్పాటైన హితకారిణీ సమాజం ఈ పనులకు శాశ్వత ఆధారాన్నిచ్చే ప్రయత్నం. ఒక వ్యక్తిని పాత కట్టుబాటు నుంచి తప్పించడం ఒక్క రోజు పని. కొత్త జీవితంలో నిలబెట్టడం ఏళ్ళ తరబడి సాగే పని. అనంతర సంరక్షణ తత్వమంతా ఈ అనుభవంలో ఉంది.

5. రామచంద్రపురం పరిసరాలు – వనరుల పటం:

బలాల ఆధారిత విధానంలో కార్యకర్త మొదట చేసే పనులలో ఒకటి పరిసరాలలోని వనరులను గుర్తించడం. గౌతమీ గోదావరికి తూర్పున, ధవళేశ్వరం ఆనకట్ట కాలువల నీటితో పండే డెల్టాలో రామచంద్రపురం ఉంది. పురపాలక పట్టణం, రెవెన్యూ డివిజన్ కేంద్రం. ద్రాక్షారామం ఈ మండలంలోనిదే. కాకినాడ సుమారు 30 కిలోమీటర్ల దూరం. పట్టణంలో జూనియర్ కళాశాలలు, వి.ఎస్.ఎం. కళాశాల ఉన్నాయి. చుట్టుపక్కల బియ్యం మిల్లులు, కోళ్ళ పరిశ్రమ, గౌతమి దాటితే కొబ్బరి పీచు పరిశ్రమ, కాకినాడలో ఓడరేవు, దాని అనుబంధ సంస్థలు ఉపాధినిస్తున్నాయి. గ్రామ, వార్డు సచివాలయాలు 2019 నుంచి ధ్రువపత్రాల దరఖాస్తులను ఇంటి దగ్గరకు తెచ్చాయి. పట్టణంలో మెప్మా, పల్లెల్లో సెర్ప్ ఆధ్వర్యంలోని పొదుపు సంఘాలు మహిళల ఆర్థిక జీవితానికి వెన్నుదన్నుగా ఉన్నాయి.

ఇదే పరిసరంలో పిల్లలు ఇంటికి దూరమయ్యే కారణాలూ ఉన్నాయి. ఉభయ గోదావరి జిల్లాల నుంచి ఎందరో మహిళలు గల్ఫ్ దేశాలకు ఇంటిపనివారుగా వెళ్తారు. వారి పిల్లలు అమ్మమ్మల, నాయనమ్మల పెంపకంలో ఉంటారు. ఆ వృద్ధురాలికి చేతకాని రోజున పిల్లలు వసతిగృహం చేరతారు. వీరు అనాథలు కారు. తల్లి ఎక్కడో ఉంది. కాని ఆ తల్లి ఉనికి ఆ బిడ్డకు పత్రాలలో ఉపయోగపడదు.

2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణతో మరొక చిక్కు వచ్చింది. కాకినాడ కేంద్రంగా ఉన్న ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాలో సంస్థలో చేరిన పిల్లవాడి సొంత ఊరు, అతడున్న సంస్థ వేర్వేరు కొత్త జిల్లాల్లోకి వెళ్ళవచ్చు. అనంతర సంరక్షణ ఉత్తర్వు ఏ కమిటీ ఇవ్వాలి, భృతి ఏ జిల్లా నిధి నుంచి రావాలి అన్న ప్రశ్నలు తేలేలోగా నెలలు గడిస్తే నష్టపోయేది ఆ యువకుడే. కాబట్టి వనరుల పటంలో కార్యాలయాల పరిధిని కూడా ముందే గుర్తించుకోవాలి.

6. బలాల ఆధారిత అంచనా – ఒక ఊహా ఉదాహరణ:

ఈ పద్ధతి ఎలా నడుస్తుందో ఒక కల్పిత ఉదాహరణతో చూడవచ్చు. డెల్టాలోని ఒక బాలికల వసతి సంస్థలో పదిహేడున్నరేళ్ళ అమ్మాయి ఉందనుకుందాం. తండ్రి చనిపోయాడు. తల్లి గల్ఫ్‌కు వెళ్ళిన కొన్నాళ్ళకు ఫోన్లు ఆగిపోయాయి. తొమ్మిదో ఏట సంస్థలో చేరింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. పాత పద్ధతి దస్త్రంలో ఇలా ఉంటుంది: తండ్రి లేడు, తల్లి ఆచూకీ లేదు, లెక్కలలో వెనుకబాటు, ముభావి, కోపం ఎక్కువ, పునరావాసానికి కుట్టు శిక్షణ లేదా వివాహం.

బలాల ఆధారిత అంచనా ప్రశ్నల ద్వారా సాగుతుంది. సాలీబీ సూచించిన ప్రశ్నల రకాలను గోదావరి మాటలో ఇలా అడగవచ్చు.

అ) మనుగడ ప్రశ్న: “ఇన్నాళ్ళూ ఇంత నెట్టుకొచ్చావు కదమ్మా, నిన్ను నిలబెట్టింది ఏమిటంటావు?”
ఆ) ఆసరా ప్రశ్న: “మనసు బాగోనప్పుడు ఎవరితో చెప్పుకుంటావు? ఎవరు వస్తే నీకు ధైర్యంగా ఉంటుంది?”
ఇ) మినహాయింపు ప్రశ్న: “లెక్కలంటే భయమన్నావు. భయం వేయకుండా లెక్క చేసిన రోజు ఎప్పుడైనా ఉందా?”
ఈ) అవకాశపు ప్రశ్న: “ఇంకో మూడేళ్ళకు ఏ ఊళ్ళో, ఏం చేస్తూ ఉండాలని ఉంది?”
ఉ) ఆత్మగౌరవ ప్రశ్న: “నీలో ఏం బాగుంటుందని తోటి పిల్లలంటారు?”

జవాబులలో కొత్త మనిషి కనిపిస్తుంది. వంటగదిలో బియ్యం, పప్పు, నూనె నిల్వల లెక్క రెండేళ్ళుగా ఆమే రాస్తోంది. ఒక్కసారీ తేడా రాలేదు. కాబట్టి ఆమె భయం లెక్కల మీద కాదు, పరీక్ష మీద. చిన్నపిల్లలను ఎవరైనా కొడితే ఆమెకు కోపం వస్తుంది. దస్త్రంలో ‘ప్రవర్తనా లోపం’గా ఎక్కినది వారిని కాపాడే స్వభావం. ద్రాక్షారామం దగ్గరి పల్లెలో ఉన్న నాయనమ్మ ఏటా సంక్రాంతికి అరిసెలు పట్టుకొని వస్తుంది. బి.కాం. చదివి ఏదైనా మిల్లులో లెక్కలు రాయాలని అమ్మాయి కోరిక.

ఇప్పుడు ప్రణాళిక మారుతుంది. కుట్టు మిషను స్థానంలో డిగ్రీ ప్రవేశం వస్తుంది. పరీక్ష భయానికి ఒక అధ్యాపకుని సాయం చేరుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, నాయనమ్మ పాత్ర మారుతుంది. తల్లి మరణించినట్లు ఆధారం లేదు కనుక అనాథల కోటా కింద బి.సి.‘ఎ’ ధ్రువపత్రం ఈ అమ్మాయికి రాదు. తండ్రి కులాన్ని బట్టి ధ్రువపత్రం కావాలంటే అతని పత్రాలు, ఊరివారి సాక్ష్యం అవసరం. వృద్ధురాలు కనుక మనుమరాలిని పోషించలేకపోవచ్చు. కాని కొడుకు రేషన్ కార్డు నకలు ఆమె పెట్టెలో ఉండవచ్చు, గ్రామంలో ఆమెను ఎరిగినవారు ఉన్నారు. ‘సంరక్షణకు అనర్హురాలు’ అని దస్త్రం కొట్టివేసిన మనిషి, గుర్తింపుకు మూలాధారమైంది. బలం అన్న మాటకు ఇదీ ఆచరణలో అర్థం.

ఈ ప్రణాళికలో ప్రతి అంశానికీ ఎవరు, ఎప్పటిలోగా అన్న వివరం ఉండాలి. ఆధార్‌లో చిరునామా మార్పు, సొంత పేరున బ్యాంకు ఖాతా, ధ్రువపత్రాలు, అనంతర సంరక్షణ ఉత్తర్వుకు కమిటీ ముందు దరఖాస్తు, వసతి నిర్ణయం, ఇవన్నీ పద్దెనిమిదో పుట్టినరోజుకు ముందే ఆరంభమై, వీలైనంతవరకు పూర్తి కావాలి. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో సంస్థేతర సంరక్షణ చూసే అధికారికి, సంస్థలోని కార్యకర్తకు, అమ్మాయికి ఒక్కొక్క ప్రతి ఉండాలి. తన ప్రణాళిక కాగితం తన దగ్గర ఉండడమే ఆమెకు మొదటి స్వాతంత్ర్యం.

7. ఇతర ప్రాంతాల అనుభవం:

బ్రిటన్‌లో మైక్ స్టెయిన్ సంరక్షణను వీడిన యువతను మూడు వర్గాలుగా వివరించాడు. స్థిరపడి ముందుకు సాగేవారు, ఒడుదొడుకులతో నెట్టుకొచ్చేవారు, తీవ్రంగా దెబ్బతిని సతమతమయ్యేవారు. సంరక్షణలో నిలకడ, ఒకరితోనైనా గట్టి అనుబంధం, తొందరపాటు లేకుండా క్రమంగా బయటకు రావడం మొదటి వర్గానికి కలిసివచ్చాయి. నడిమి వర్గానికి సంస్థను వీడాక అందే సాయమే భవిష్యత్తును తేల్చేది. అక్కడ 2000 సంవత్సరపు చట్టం ప్రతి యువకునికీ వ్యక్తిగత సలహాదారును ఏర్పరచగా, 2017 చట్టం ఆ సలహాను ఇరవై ఐదేళ్ళ వరకు పొడిగించింది.

అమెరికాలో మార్క్ కోర్ట్నీ బృందం ఇల్లినాయ్, విస్కాన్సిన్, అయోవా రాష్ట్రాల యువతను పోల్చి చూసింది. ఇరవై ఒక్క ఏళ్ళ వరకు సంరక్షణలో ఉండే వీలున్న ఇల్లినాయ్ యువత కళాశాల చదువులో ముందున్నట్లు తేలింది. 2008లో వచ్చిన సమాఖ్య చట్టం ఇతర రాష్ట్రాలు కూడా ఆ గడువును పొడిగించుకునేందుకు నిధుల తోడ్పాటు ఇచ్చింది. 2009లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు, బయటకు పంపే సన్నాహం సంరక్షణలో ఉండగానే ఎంతో ముందుగా మొదలుకావాలని చెబుతున్నాయి.

మనదేశంలో ఉదయన్ కేర్ సంస్థ ఢిల్లీ, గుజరాత్, కర్ణాటక, మహారాష్ట్ర, రాజస్థాన్‌లలో జరిపి 2019లో వెలువరించిన అధ్యయనం ఈ రంగంలో చెప్పుకోదగినది. వసతి, చదువు, ఉపాధి, ఆరోగ్యం, మానసిక క్షేమం, గుర్తింపు పత్రాలు, సామాజిక ఆసరా వంటి అంశాలను విడివిడిగా కాక ఒకే వలయంగా చూడాలని అది ప్రతిపాదించింది. మహారాష్ట్ర 2018లో అనాథలకు విద్య, ఉద్యోగాలలో ఒక శాతం సమాంతర రిజర్వేషన్ కల్పించింది. తెలుగు రాష్ట్రాలలోనూ సంస్థలను వీడిన యువత జీవితగమనాన్ని ఏళ్ళ తరబడి అనుసరించే పరిశోధన ఎంతో అవసరం.

8. విమర్శ – బలం పేరిట భారం:

బలాల దృక్పథం విమర్శకు అతీతం కాదు. ‘బలం’ అన్న భావనను కొలవడం కష్టమని, ఈ పద్ధతి ఇతర పద్ధతుల కంటే మెరుగని నిరూపించే ఆధారాలు చాలవని 2001లో స్టాట్, హోవార్డ్, డ్రేక్ వాదించారు. మెల్ గ్రే 2011లో ఇంకా లోతైన ప్రశ్న వేశారు. వ్యక్తి సామర్థ్యాన్ని, స్వయంసహాయాన్ని అతిగా పొగిడితే, ప్రభుత్వం తన బాధ్యత నుంచి తప్పుకోవడానికి ఆ పొగడ్తే సాకు కావచ్చునన్నది ఆ విమర్శ సారాంశం.

తెలుగు సమాజంలో ఈ హెచ్చరికకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ‘కష్టపడి పైకొచ్చాడు’ అన్న మాట మనకు ఎంతో ఇష్టం. పేపర్లు అమ్ముకుంటూ చదివి ఉద్యోగం సంపాదించిన అనాథ యువకుని కథ సన్మాన సభలలో మారుమోగుతుంది. ఆ సభలో కూర్చోలేకపోయినవారి సంగతి ఎవరూ అడగరు. ఒక్కరి గెలుపును అందరికీ కొలబద్దగా చూపితే, సాయం అందక వెనుకబడినవారిది వ్యక్తిగత అసమర్థతగా మారిపోతుంది. నమూనా నియమంలో ఉన్న సామూహిక నివాసం లేని జిల్లాలో, నీలో ధైర్యముంది కనుక బతకగలవు అని యువతికి చెప్పడం సమాజకార్యం అనిపించుకోదు.

అమ్మాయిల విషయంలో మరో జాగ్రత్త అవసరం. వివాహాన్నే పునరావాసంగా లెక్కించే ఆలోచన ఇంకా పూర్తిగా తొలగలేదు. పుట్టింటి అండ లేని అమ్మాయి అత్తింట కష్టం వస్తే తిరిగి వెళ్ళే చోటు లేక మౌనంగా భరిస్తుంది. వివాహం ఆమె ఎంపికైతే గౌరవించవలసిందే. సంస్థకు దస్త్రం మూసే ఉపాయం కారాదు. అలాగే కులం, వైకల్యం, హింసానుభవం వంటివి కల్పించే అడ్డంకులను బలాల భాషతో కప్పిపుచ్చరాదు. బలాలను చూడడమంటే గాయాన్ని చూడకపోవడం కాదని సాలీబీ సూత్రాలే గుర్తుచేస్తున్నాయి.

కాబట్టి ఈ దృక్పథానికి ఒక షరతు అవసరమవుతుంది. కార్యకర్త గుర్తించిన ప్రతి బలానికి ఎదురుగా, ఆ బలం పనిచేయడానికి రాజ్యం, సమాజం సమకూర్చవలసిన వనరు ఏదో కూడా అదే కాగితంపై రాయాలి. లెక్కలు రాసే నేర్పు ఎదురుగా డిగ్రీ రుసుము, నాయనమ్మ అనుబంధం ఎదురుగా నెలకొకసారి వెళ్ళిరావడానికి బస్సు ఖర్చు, చదువుకోవాలనే పట్టుదల ఎదురుగా సురక్షితమైన గది ఉండాలి. రెండో వరుస ఖాళీగా ఉంటే మొదటి వరుస ఉత్త ప్రశంస.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• బలాల ఆధారిత సమాజకార్యం యువతను లోపాల జాబితాగా కాక, నేర్పులు, బంధాలు, ఆశలు ఉన్న భాగస్వాములుగా చూస్తుంది. సంస్థను వీడే దశకు ఈ చూపు ఎంతో అవసరం.
• 2015 చట్టం, 2016 నమూనా నియమాలు, మిషన్ వాత్సల్య కలిసి అనంతర సంరక్షణకు చట్రాన్ని ఇచ్చాయి. 46వ సెక్షన్‌లోని ‘అందించవచ్చు’ అన్న మాట విధిగా మారితేనే అది హక్కుగా నిలుస్తుంది.
• వీరేశలింగం అనుభవం ఆశ్రయం తరువాతి ఆసరాకు ఈ ప్రాంతపు చరిత్రలోనే పాఠం ఉందని చూపుతోంది.
• గుర్తింపు, కుల ధ్రువపత్రాల పని పద్దెనిమిదేళ్ళు నిండకముందే పూర్తి కావాలి. దీనిలో దూరపు బంధువులు కూడా విలువైన వనరు.
• జిల్లాల విభజన వల్ల కార్యాలయాల పరిధిలో వచ్చిన మార్పులు యువతకు నష్టం కలిగించకుండా జిల్లా విభాగాల మధ్య సమన్వయం ఉండాలి.
• గుర్తించిన ప్రతి బలానికీ జతగా ఒక వనరును పేర్కొనే పద్ధతి, ఈ దృక్పథంపై వచ్చిన విమర్శకు ఆచరణాత్మకమైన సమాధానం.

డెల్టా రైతు నారుమడిలో పెరిగిన నారును తీసి ఊడ్పు పొలంలో నాటుతాడు. నారు ఎంత బలమైనదైనా, నాటిన మొదటి రోజులలో చేలో నీరు నిలిపి ఉంచుతాడు. వేరు పట్టాక దానంతటది ఎదుగుతుంది. సంస్థను వీడే యువతకు ఆ మొదటి రోజుల నీరే అనంతర సంరక్షణ. నారు మంచిదని చెప్పి కాలువ కట్టేసే రైతు ఈ సీమలో ఉండడు.